కాలిలో రాడ్డు, నాలుక కింద గోలీ

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నేను పెళ్లయి నల్లగొండలో ఉంటున్నాను. మా తమ్మునికి 27 ఏళ్లు, వరికోత మిషన్ నడుపుతాడు. రెండేళ్ల కింద సాగర్ రోడ్డు మీద బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. నొప్పి తగ్గకపోతే ఊర్లో ఆర్‌ఎంపీ ట్రమడాల్ గోలీలు ఇచ్చాడు. అవి వేసుకుంటే నొప్పి పోవడమే కాదు, రాత్రింబవళ్లు మిషన్ నడిపినా అలసట తెలియడం లేదని మొదట్లో వాడే చెప్పాడు. ఇప్పుడు రోజుకు పన్నెండు, పదిహేను మింగుతున్నాడు. ఖాళీ పట్టీలు నేనే లెక్కపెట్టాను, అన్నీ 50 మిల్లీగ్రాములవే. దొరకని రోజు ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, రాత్రంతా కాళ్లు కొట్టుకోవడం. ఆ బాధ ఓర్చుకోవడానికి రోజూ సాయంత్రం కల్లు కాంపౌండుకు పోతాడు. మొన్న సంక్రాంతికి ఫిట్స్ కూడా వచ్చాయి. ఒకసారి వాడంతట వాడే పది రోజులు మాని, మళ్లీ మొదలుపెట్టాడు. ఒక డాక్టరుకు చూపిస్తే, నాలుక కింద పెట్టుకునే గోలీ ఉంది, ఏడాదో రెండేళ్లో వాడవలసి రావచ్చు అన్నారు. ఒక అలవాటు మాన్పడానికి ఇంకో అలవాటు చేయడం కాదా ఇది? మా మేనమామ హైదరాబాదులో మూడు నెలలు లోపల పెట్టి మాన్పించే సెంటరు ఉందంటున్నాడు. అమ్మేమో తెలియకుండా అన్నంలో కలిపే మందు తెప్పిస్తానంటోంది, పెళ్లి చేస్తే దారికొస్తాడనీ అంటోంది. దవాఖానాకు పోతే పోలీసు కేసు అవుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?
ఒక అక్క, నల్లగొండ

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటిలో అసలు ప్రశ్న నాలుక కింద గోలీ గురించి. దానికి నా జవాబు ముందే చెబుతాను: అది ఒక అలవాటును తీసి ఇంకో అలవాటును పెట్టడం కాదు, ఇప్పటికి మన చేతిలో ఉన్న చికిత్సల్లో అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది అదే. అయితే అంతకంటే ముందు మాట్లాడుకోవలసిన విషయం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. మీరు దానిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. అది కల్లు.

మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కాంపౌండ్లలో అమ్మే కల్లంతా చెట్టు నుంచి దిగినది కాదని మీకు నేను చెప్పనక్కర లేదు. అల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపిన కల్లును ఏళ్ల తరబడి తాగేవారు మన ఊళ్లలో వేలల్లో ఉన్నారు. దాడులు జరిగి ఆ సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడల్లా వణుకుతూ, లేనివి చూస్తూ, తమలో తాము మాట్లాడుకుంటూ, ఫిట్స్‌తో దవాఖానాలకు వచ్చే మనుషులను ఈ ప్రాంతంలో పనిచేసిన ఏ మానసిక వైద్యుడైనా చూసే ఉంటాడు. ట్రమడాల్ ఒక్కటే మానేస్తే కలిగే బాధ భరించరానిదే కాని, ఆరోగ్యంగా ఉన్న యువకుడి ప్రాణం తీయడం అరుదు. అల్ప్రజోలం కలిసిన కల్లును ఉన్నట్టుండి ఆపేస్తే వచ్చే ఫిట్స్ మాత్రం ప్రాణం తీయగలవు. అందువల్ల మీ తమ్ముడిని ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి, రెండూ ఒకేసారి మాన్పించే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. దవాఖానాకు బయలుదేరే రోజు కూడా ముందే మాన్పించి తీసుకెళ్లవలసిన పని లేదు. ఉన్నవాడిని ఉన్నట్టుగా తీసుకెళ్లండి. ఏది ఎప్పుడు ఎంత తగ్గించాలో అక్కడ నిర్ణయిస్తారు.

సంక్రాంతినాటి ఫిట్స్ సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. ట్రమడాల్‌కు, దాని జాతిలోని మిగతా మందులకు అంతగా లేని ఒక గుణం ఉంది. మోతాదు పెరిగిన కొద్దీ అది ఫిట్స్ తెప్పిస్తుంది. పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదన్నది దాని పరిమితి. మీ తమ్ముడు మింగుతున్నది, మీ లెక్క ప్రకారమే, 600 నుంచి 750 వరకు. కనుక ఎక్కువ గోలీలు వేసుకున్న రోజున ఫిట్స్ రావచ్చు, పండగ పూట కల్లు దొరకని రోజున దాని లేమి వల్ల కూడా రావచ్చు. ఆ రోజు ఏది జరిగిందో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పండి. ఈ ఒక్క వివరం మీద చికిత్స మొదలుపెట్టే పద్ధతి మారిపోతుంది.

ఇక ఆ గోలీ ఏమిటో చెబుతాను. నల్లమందు నుంచి వచ్చిన మార్ఫిన్, కోడీన్, మార్ఫిన్ నుంచి తయారైన హెరాయిన్, అదే పనిని చేసేలా కర్మాగారంలో పుట్టించిన ట్రమడాల్, ఇవన్నీ ఒకే ఇంటి మందులు. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు. నొప్పిని తెలియనివ్వకుండా చేసే గ్రాహకాలు మన మెదడులో పుట్టుకతోనే ఉంటాయి. ఈ మందులు వెళ్లి వాటి మీద కూర్చుంటాయి. నెలల తరబడి అలా కూర్చుంటే మెదడు తన సొంత ఏర్పాటును తగ్గించుకుని బయటి మందు మీద ఆధారపడుతుంది. అప్పుడు మందు అందని పూట, చివరి మోతాదు తర్వాత సుమారు ఎనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల్లో, మీరు రాసినవన్నీ మొదలవుతాయి: ఆవులింతలు, కళ్లూ ముక్కూ కారడం, ఒళ్లు జలదరించడం, కడుపులో మెలిపెట్టడం, నిద్ర లేకపోవడం. రెండో మూడో రోజుకు ఇవి ఉచ్ఛస్థాయికి చేరి, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. ట్రమడాల్ విషయంలో కొందరికి విపరీతమైన గాబరా, చేతుల్లో చీమలు పాకినట్టు ఉండడం కూడా కలుస్తాయి. దీనిని ఓర్చుకోలేకనే మనిషి మళ్లీ గోలీ వైపు వెళతాడు. అప్పటికి అతడు మత్తు కోసం మింగడం లేదు, మామూలుగా నిలబడడం కోసం మింగుతున్నాడు. తమ్ముడికి సిగ్గు లేదని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ మాట వారికి చదివి వినిపించండి.

ఇప్పుడు చికిత్సలు. మన ప్రాంతంలో ఎక్కువమంది చికిత్స అనుకునేది, కొన్ని కేంద్రాలు అమ్మేది కూడా, మాన్పించడం ఒక్కటే. పది పదిహేను రోజులు లోపల ఉంచి, క్లోనిడిన్ వంటి మందులతో చెమటలూ వణుకూ తగ్గించి, విరేచనాలకూ నిద్రకూ ఏదో ఇచ్చి, ఒంట్లోంచి మందు పోయాక ఇంటికి పంపుతారు. దాని అవసరం లేదని నేను అనను. కాని అది వాకిలి దాటడం వరకే. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జరిపి 2003లో ప్రచురించిన ఒక పరీక్షను ఈ సందర్భంలో చెప్పక తప్పదు. హెరాయిన్‌కు లోబడిన 40 మందిని రెండు భాగాలు చేసి, 20 మందికి ఏడాది పొడవునా బ్యూప్రెనార్ఫిన్ ఇచ్చారు. మిగిలిన 20 మందికి అదే మందును ఆరు రోజుల్లో తగ్గించేసి, తర్వాత ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. కౌన్సెలింగ్ మాత్రం రెండు వర్గాలకూ సమానంగా జరిగింది. ఏడాది తర్వాత మొదటి వర్గంలో 15 మంది చికిత్సలో నిలిచి ఉన్నారు. రెండో వర్గంలో ఒక్కరూ నిలవలేదు, నలుగురు చనిపోయారు. వారు వాడింది హెరాయిన్, మీ తమ్ముడు మింగుతున్నది ట్రమడాల్, కనుక తీవ్రతలో తేడా ఉంటుంది. అయినా పది రోజులు మాని మళ్లీ ఎందుకు మొదలుపెట్టాడన్న మీ ఆవేదనకు జవాబు అక్కడే ఉంది. సంకల్పం లేక కాదు, మెదడు అప్పటికింకా కోలుకోలేదు కనుక.

ఆ బ్యూప్రెనార్ఫిన్ అన్నదే మీ డాక్టరు చెప్పిన నాలుక కింద గోలీ. అది కూడా ఓపియాయిడే. ఆ విషయాన్ని దాచవలసిన పని లేదు. అయితే అది ఆ గ్రాహకాల మీద గట్టిగా అతుక్కుని, సగం పని మాత్రమే చేస్తుంది. మానినప్పటి బాధలు రాకుండా ఆపేంత చేస్తుంది, ఎగిరిపడేంత మత్తు ఇవ్వదు. గ్రాహకాలన్నీ దానితో నిండి ఉంటాయి కాబట్టి పైన ట్రమడాల్ మింగినా పెద్దగా ఎక్కదు. మోతాదు ఒక స్థాయి దాటాక ఊపిరిని అణిచే గుణం ఇక పెరగదు, కనుక ఒంటరిగా వాడినప్పుడు ప్రమాదం తక్కువ. ఒంటరిగా అన్న మాటను గుర్తుంచుకోండి. మందు కలిసిన కల్లు, సారా, నిద్రమాత్రలు దీనితో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. మీ తమ్ముడికి బయటి చికిత్స కాకుండా రెండు వారాలైనా వార్డులో ఉంచి మొదలుపెట్టడం మేలని నేను అనుకోవడానికి కారణం ఇదే. అక్కడ కల్లులోని మందుకు బదులుగా కొలత తెలిసిన మందు ఇచ్చి దానిని మెల్లగా తగ్గిస్తూ, ఇటు బ్యూప్రెనార్ఫిన్‌ను నిలబెట్టవచ్చు.

దాన్ని మొదలుపెట్టే వేళ కూడా ముఖ్యమే. ఒంట్లో ట్రమడాల్ నిండుగా ఉండగా ఈ గోలీ పెడితే, అది ఉన్నదాన్ని తోసేసి తాను కూర్చుంటుంది, దానితో మానినప్పటి బాధలన్నీ అరగంటలో ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అందుకే ఆవులింతలూ ఒళ్లు జలదరింపూ మొదలైన తర్వాతే మొదటి గోలీ ఇస్తారు. ఎవరో స్నేహితుడి దగ్గర దొరికిందని ఇంట్లో మొదలుపెట్టేవారు ఇక్కడే దెబ్బతిని, ఆ మందే చెడ్డదని ప్రచారం చేస్తారు. నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా, అంటే అయిదు పది నిమిషాలు, మాట్లాడకుండా, మింగకుండా ఉండాలి. మింగితే కాలేయం దానిలో చాలాభాగాన్ని అక్కడికక్కడే నాశనం చేస్తుంది. కరిగాక నీళ్లతో పుక్కిలించాలి, గంట దాకా పళ్లు తోమకూడదు, లేకపోతే పళ్లు పాడవుతాయి. ఎక్కువగా ఇచ్చేది నాలోక్సోన్ అని, ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే మందు కూడా కలిపిన గోలీ. ఆ రెండో మందు నాలుక కింద దాదాపు పనిచేయదు. కరిగించి సూదిలో ఎక్కించుకోబోతే మాత్రం తిరగబడి బాధ పెడుతుంది. దొంగచాటు వాడకానికి వేసిన గడియ అన్నమాట. ఈ మందు మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు, గుర్తింపు ఉన్న వ్యసన విముక్తి కేంద్రాల ద్వారానే అందుతుంది. మొదట్లో రోజూ కళ్లముందే వేయించి, నమ్మకం కుదిరాక కొన్ని రోజులకు సరిపడా ఇంటికి ఇస్తారు.

ఏడాదో రెండేళ్లో అన్న మాటకు మీరు బెదిరినట్టున్నారు. మీ తమ్ముడి తొడలో రాడ్డు ఉంది కదా. ఎముక విరిగిన వారానికి నొప్పి తగ్గిందని ఎవరూ దాన్ని తీసేయరు. అతుక్కుని, బరువు మోసి, నడక కుదిరాక, డాక్టరు ఎక్స్‌రే చూశాకే ఆ ఆలోచన చేస్తారు. కొందరికి జన్మంతా తీయరు, వారిని ఎవరూ రాడ్డుకు బానిసలనరు. ఈ గోలీ కూడా అంతే. ఉదయం లేచి ట్రమడాల్ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం ఆగి, డబ్బు లెక్క కుదిరి, మనిషి మళ్లీ పనికి పోయి, ఇంట్లో అన్నం తిని నిద్రపోయే జీవితం నెలల తరబడి స్థిరపడాలి. ఆ తర్వాత నెలలు పట్టేలా కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తొందరపడి ఆపినవారిలో మళ్లీ జారినవారే ఎక్కువ. శరీరం ఈ గోలీ మీద ఆధారపడుతుందా అంటే పడుతుంది, హఠాత్తుగా ఆపితే బాధలు వస్తాయి. వ్యసనం అన్నది వేరే సంగతి: దాని కోసం అబద్ధాలు, అప్పులు, ప్రమాదమని తెలిసీ ఆపలేకపోవడం. ఆ రెండూ ఒకటేనన్న పొరపాటు చదువుకున్నవారిలో, ఆ మాటకొస్తే కొందరు డాక్టర్లలో కూడా ఉంది.

మిగతా దారులను క్లుప్తంగా చెబుతాను. మెథడోన్ అని ద్రవరూపంలో ఇచ్చే పూర్తి ఓపియాయిడ్ ఒకటి ఉంది. 1960లలో న్యూయార్క్‌లో ఈ తరహా చికిత్స మొదలైంది దానితోనే. 2005 నుంచి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. మన దేశంలో మెథడోన్ కొద్ది కేంద్రాల్లోనే ఉంది, మీ తమ్ముడికి దాని అవసరం కనిపించడం లేదు. నాల్‌ట్రెక్సోన్ మూడోది. అది గ్రాహకాలకు తాళం వేసే మందు, మత్తు లేదు, అలవాటు పడడం లేదు. వినడానికి అన్నిటికంటే బాగుంటుంది. అయితే వారం పది రోజులు ఏ ఓపియాయిడ్ లేకుండా ఉన్నాకే మొదలుపెట్టాలి, ఎదురుగా కూర్చుని రోజూ వేయించే మనిషి ఇంట్లో ఉండాలి, రెండు మూడు రోజులు మానేస్తే రక్షణ పోతుంది. పట్టుదల ఉన్నవారికి, గట్టి కుటుంబం ఉన్నవారికి మాత్రమే నేను దానిని సూచిస్తాను. ఇవేవీ కాకుండా ట్రమడాల్‌నే వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ పోవడం కూడా ఒక పద్ధతే. రోజుకు నాలుగైదు గోలీల దగ్గర ఉన్నవారికి అది తరచూ సరిపోతుంది. పదిహేను గోలీలు, ఫిట్స్, కల్లు, ఒకసారి విఫలమైన ప్రయత్నం, ఇన్ని కలిసిన చోట దాని మీద నాకు నమ్మకం తక్కువ.

అన్నంలో కలిపే మందు గురించి మాత్రం నేను నెమ్మదిగా చెప్పలేను. అమ్మగారిని ఆపండి. అలాంటి ప్రకటనల వెనుక తరచూ ఉండేది డైసల్ఫిరాం. అది మద్యానికి ఉద్దేశించిన మందు, ట్రమడాల్ మీద దాని ప్రభావం శూన్యం. అది ఒంట్లో ఉండగా తెలియక కల్లు తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం వరకు వెళుతుంది. ఇక ఆ పొట్లంలో నాల్‌ట్రెక్సోన్ ఉంటే, నిండా ట్రమడాల్ ఉన్న శరీరానికి దాన్ని చాటుగా ఇవ్వడమంటే పది రోజుల బాధను ఒక్క పూటలో కుమ్మరించడమే. ఒకవేళ ఏమీ జరగకపోయినా, అక్కా అమ్మా కలిసి తనకు తెలియకుండా ఏదో పెట్టారని తెలిసిన రోజున మీ మాట మీద అతడికి ఉన్న నమ్మకం పోతుంది. చికిత్సకు పనికివచ్చే సరుకు మీ ఇంట్లో ఇప్పుడు అదొక్కటే ఉంది.

మేనమామగారు చెప్పే సెంటరు మంచిదో చెడ్డదో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. నేను చూసినంతలో, ఆ తరహా చోటు ఒకదానిలో మూడు నెలలు గడిపి వచ్చిన ఒక కుర్రాడు నా ముందు చొక్కా విప్పి వీపు చూపించాడు. అందువల్ల వెళ్లేముందు మూడు సంగతులు కనుక్కోండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర అది నమోదై ఉందా, మానసిక వైద్యుడు రోజూ వస్తాడా లేక బోర్డు మీద పేరు మాత్రమే ఉందా, బయటికి వచ్చాక నాలుక కింద గోలీగాని నాల్‌ట్రెక్సోన్‌గాని కొనసాగిస్తారా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. దాని ప్రకారం గొలుసులతో కట్టడం నిషేధం. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే షరతులున్నాయి, ఆ చేరిక కూడా మొదట 30 రోజులకే, ఆ తర్వాత మళ్లీ పరీక్షలు జరగాలి. మూడు నెలలు ముందే డబ్బు కట్టించుకుని ఎవరినీ కలవనివ్వమనే చోటికి తమ్ముడిని పంపకండి.

లోపల పెట్టి మాన్పించడంలో ఇంకో ప్రమాదం ఉంది, దానిని ఎవరూ చెప్పరు. రోజుకు పదిహేను గోలీలు తట్టుకునే శక్తి నెల రోజులు మానగానే పోతుంది. తిరిగి వచ్చిన వాడు పాత లెక్కతోనే ఒక పట్టీ మింగి, పైన కల్లు తాగితే, ఆ రాత్రే ఊపిరి ఆగవచ్చు. చికిత్స లేదా నిర్బంధం ముగిసిన తర్వాతి మొదటి నాలుగు వారాలే ఈ జబ్బులో అత్యంత ప్రమాదకరమైన కాలం. అలాంటి రాత్రి వస్తే గుర్తులు ఇవి: పిలిస్తే పలకడు, గురక వింతగా ఉంటుంది లేదా శ్వాస నిమిషానికి ఎనిమిది పదికి పడిపోతుంది, పెదవులు నీలంగా మారతాయి, కంటిపాప సూదిమొనలా కనిపిస్తుంది. నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి. 108కి ఫోన్ చేయండి, ఒక పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి, శ్వాస ఆగితే నోటితో ఊపిరి ఇవ్వండి. దవాఖానాలో నాలోక్సోన్ సూది వేస్తే నిమిషాల్లో మనిషి తేరుకుంటాడు. అయితే కల్లులోని నిద్రమందు మీద అది పనిచేయదు కాబట్టి ఏం తాగాడో, ఏం మింగాడో దాచకుండా చెప్పాలి.

పోలీసుల భయం సంగతి. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా అమ్మేవాడు నేరం చేస్తున్నాడు. కాని చికిత్స కోరి తనంతట తాను వచ్చిన వ్యసనపరుడికి, కొద్దిపాటి పరిమాణం విషయంలో, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అదే చట్టంలో 64ఎ సెక్షన్ కింద ఉంది. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం దవాఖానా బాధ్యత. ఓపీ చీటీ రాయించుకున్నందుకు ఎవరూ ఠాణాకు పిలవరు.

వెళ్లవలసిన చోటు మీకు దగ్గరలోనే ఉంది. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, మొదట అక్కడికే వెళ్లి బ్యూప్రెనార్ఫిన్ అక్కడ ఇస్తారో, వార్డులో చేర్చుకుంటారో అడగండి. పాలమూరు వైపు వారు మహబూబ్‌నగర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఇదే అడగవచ్చు. అక్కడ కుదరకపోతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. ఎర్రగడ్డ అనగానే మన దగ్గర పిల్లలు కూడా నవ్వుతారని తెలుసు. తిట్టుగా మారిన ఆ పేరు వెనుక అనుభవం ఉన్న వైద్యులు ఉన్నారు, ఖర్చు లేదు. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే 14416, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు వ్యసనాలకు ప్రత్యేకంగా 14446 ఉంది. ఆర్టీసీ బస్సులో మీకు ఎలాగూ టికెట్టు లేదు, కనుక నెలకోసారి తోడు వెళ్లడం మీకు భారం కాదని ఆశిస్తాను. ఎప్పుడైనా సూది ద్వారా ఏదైనా ఎక్కించుకున్నాడా అని డాక్టరు విడిగా అడుగుతారు, అవునంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు రాస్తారు, కంగారు పడవద్దు.

నొప్పిని మరిచిపోతే ఈ కథ మళ్లీ మొదటికి వస్తుంది. రాడ్డు సరిగ్గా ఉందా, ఎముక అతికిందా అని ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఓపియాయిడ్లు చాలాకాలం వాడితే నొప్పిని పట్టే నరాలు ఇంకా సున్నితమై, నొప్పి పెరిగినట్టే అనిపిస్తుందన్నది మీ తమ్ముడికి తెలియాలి. తగ్గిస్తున్న కొద్దీ అది సర్దుకుంటుంది. బ్యూప్రెనార్ఫిన్‌కు నొప్పిని తగ్గించే గుణం కూడా ఉంది, రోజు మోతాదును రెండు మూడు భాగాలుగా ఇస్తే ఆ మేలు ఎక్కువ. మన మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసిన పెద్దవారి ఇళ్లలో నొప్పుల గోలీలు ఉప్పూ పప్పూ లాగా డబ్బాల్లో ఉంటాయి. మీ ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఉంటే దానిలో ఏముందో చూసి, ట్రమడాల్ కనిపిస్తే తీసి మీ దగ్గర పెట్టుకోండి.

పెళ్లి మాటను ఇప్పటికి పక్కన పెట్టండి. ఒక ఆడపిల్లను మందుగా వాడే ఆలోచన మీకు కూడా నచ్చలేదని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. చికిత్సలో ఏడాది నిలబడ్డాక సంబంధం చూడండి, ఎదుటివారికి విషయం చెప్పే చూడండి.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు గోలీ దొరకక బాధలో ఉన్న సమయాన్నిగాని, మత్తులో ఉన్న సమయాన్నిగాని ఎంచుకోవద్దు. పొద్దున మొదటి మోతాదు పడి కొంచెం స్థిమితంగా ఉన్న గంటలో, ఇంట్లో ఎక్కువమంది లేనప్పుడు కూర్చోండి. మానేయమని అడగకండి, మానడానికి తాను ప్రయత్నించానన్న సంగతి అతడికి తెలుసు. ఆ పది రోజులు ఎలా గడిచాయో చెప్పమనండి, విన్నాక నాలుక కింద గోలీ ఉన్నది సరిగ్గా ఆ పది రోజుల కోసమేనని చెప్పండి. కోతలు మొదలైతే మిషన్ వదిలి రాడు కాబట్టి ఈ ఖాళీ రోజుల్లోనే తేదీ అనుకోండి. వార్డు నుంచి వచ్చాక కూడా మోతాదు కుదిరేదాకా మిషన్ ఎక్కనివ్వవద్దు, మొదటి రోజుల్లో మగతగా ఉంటుంది. దవాఖానాకు వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, చివరి ఎక్స్‌రే, మీరు లెక్కపెట్టిన ఆ ఖాళీ పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పట్టీ మీద ఉన్న పేరు, మిల్లీగ్రాములు చూస్తే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది.